గుండె ఆరోగ్యం గురించి పిల్లలకు భయపెట్టకుండా ఎలా చెప్పాలి?

ఆరో తరగతి పిల్లలకు గుండె గురించి చెప్పాలి, భయపడకూడదు, బోరు కొట్టకూడదు, ఎలా అని అడిగారు. నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. చార్టులు, బొమ్మలు తర్వాత. ముందు వాళ్ల నాడి వాళ్ల చేతే పట్టిస్తాను.

చూపుడు వేలు, మధ్య వేలు మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించమనండి. బొటనవేలితో చూడొద్దు, దాని నాడి కూడా తగిలి లెక్క తప్పుతుంది. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. ఆ వయసులో కూర్చున్నప్పుడు నిమిషానికి 70 నుంచి 100 దాకా మామూలే. తర్వాత ఉన్నచోటే ఒక నిమిషం పరుగు, వెంటనే ఒకసారి లెక్క, రెండు నిమిషాలు ఆగి ఇంకోసారి. "ఎందుకు పెరిగింది సార్? మళ్లీ ఎలా తగ్గింది?" అని వాళ్లే మొదలుపెడతారు. పాఠం అక్కడ ఎత్తుకోండి. పరుగెత్తే కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, గుండె వేగం పెంచుతుంది. రోజూ ఆడేవాళ్ల గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి విశ్రాంతిలో తీరిగ్గా కొట్టుకుంటుంది. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎందుకంటోందో విడిగా చెప్పక్కర్లేదు.

అయితే గుండె జబ్బు, ఆయాసం ఉన్న పిల్లలెవరో తల్లిదండ్రులను ముందే కనుక్కోండి. వాళ్ల చేతికి స్టాప్‌వాచ్ ఇస్తే వేరు చేసినట్టూ ఉండదు. అంకెలు బోర్డు మీద పేర్లతో రాయొద్దు. లావుగా ఉన్న పిల్లల మీద జోకులు అక్కడే పుడతాయి.

ఇంటిపనికి అట్ట గొట్టం ఇచ్చి ఇంట్లోవాళ్ల గుండె చప్పుడు వినమంటాను. 1816లో ఫ్రెంచి వైద్యుడు లేనెక్ కాగితం గొట్టంలా చుట్టి వినబట్టే స్టెతస్కోపు పుట్టిందని చెబితే ఇంకా హుషారు. ఆ లబ్ డబ్ గుండెలోని కవాటాలు, అంటే రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపులు, మూసుకునే చప్పుడు.

"తాతయ్యకు గుండెపోటు వచ్చింది, నాకూ వస్తుందా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. దాటేయకండి. పిల్లల్లో అది చాలా అరుదనీ, ఎక్కువగా రక్తనాళాల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుని వస్తుందనీ, పొగ, ఉప్పు, కదలకుండా కూర్చోవడం మన చేతిలో ఉన్నవనీ నెమ్మదిగా చెప్పండి. ఆడుతూ ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలన్నది మాత్రం గట్టిగా చెప్పాలి.

గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే ప్రయత్నం చేసే సీపీఆర్ మాత్రం పెద్ద తరగతుల పిల్లలకు. 12 ఏళ్ల వయసు నుంచి పిల్లలకు ఏటా రెండు గంటలు నేర్పాలన్న ప్రతిపాదనను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సమర్థించింది. దానికి మాత్రం శిక్షణ ఉన్నవాళ్లనే పిలవండి.