ఇంటి సర్వర్‌లో ఫొటోలు నిజంగానే పోయాయా?

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, డాకర్‌లో (ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్లు, ఫొటోలు సొంత సర్వర్‌లో దాచుకునే ప్రోగ్రాం) నడుపుతున్నాను. డేటాబేస్ విడిగా పెట్టలేదు, కంపోజ్ ఫైలులో (కంటైనర్ సెట్టింగులు రాసే ఫైలు) వాల్యూమ్స్ (డేటాను కంటైనర్ బయట దాచే చోట్లు) భాగమూ రాయలేదు. మొన్న కంపోజ్ డౌన్ ఇచ్చి (కంటైనర్‌ను ఆపి తొలగించే ఆదేశం), కొత్త ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే ప్రోగ్రాం ప్యాకేజీ) దించుకుని, కంపోజ్ అప్ (మళ్లీ నడిపించే ఆదేశం) ఇస్తే అడ్మిన్ ఖాతా కొత్తగా సృష్టించమంటోంది. మా అమ్మతో మేడారం జాతరకు వెళ్లినప్పటి ఫొటోలు అందులోనే ఉన్నాయి. అవి పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చాలావరకు పోయి ఉండవు. ముందుగా ఒక్క మాట: ఫొటోలు చేతికి వచ్చేదాకా ‘ప్రూన్’ (వాడుకలో లేనివాటిని చెరిపేయడం) అన్న పదమున్న ఏ ఆదేశాన్నీ ఇవ్వకండి.

కంటైనర్‌ను తొలగిస్తే దాని లోపల రాసుకున్నదంతా దానితోపాటే పోతుంది. అయితే నెక్స్ట్‌క్లౌడ్ అధికారిక ఇమేజ్ తన ఫైళ్ల ఫోల్డర్‌ను వాల్యూమ్‌గా ప్రకటించుకుంటుంది కాబట్టి, మీరు ఏమీ రాయకపోయినా డాకర్ 64 అక్షరాల పొడవైన పేరుతో ఒక వాల్యూమ్‌ను తానే సృష్టించి, అందులో దాచి ఉంటుంది. డౌన్ ఆదేశానికి వాల్యూమ్‌లనూ తొలగించే ‘మైనస్ వి’ తగిలించకపోతే అది చెరిగిపోదు. కొత్త కంటైనర్ మాత్రం దాన్ని వదిలేసి మరో ఖాళీ వాల్యూమ్ తెచ్చుకుంటుంది. మీకు కొత్త ఖాతా పేజీ కనబడింది అందుకే.

వాల్యూమ్‌ల జాబితా చూపే ‘డాకర్ వాల్యూమ్ ఎల్ఎస్’ ఆదేశం కొట్టి, అలాంటి పేర్లున్న వాల్యూమ్‌లను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. అవి వార్ ఫోల్డర్‌లోని లిబ్, అందులోని డాకర్, అందులోని వాల్యూమ్స్ కింద ఉంటాయి. చూడటానికి సుడో (అడ్మిన్ అధికారంతో ఆదేశం ఇవ్వడం) కావాలి. లోపల డేటా ఫోల్డర్‌లో మీ యూజర్ పేరు, దాని కింద ఫైల్స్, అందులో మామూలు జేపెగ్‌లుగానే మీ ఫొటోలు కనిపిస్తాయి. కనబడగానే మరో పని పెట్టుకోకుండా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

తర్వాత ఆ వాల్యూమ్‌లోని సమస్తాన్నీ, ఫైళ్ల యాజమాన్యం మారకుండా ‘సీపీ మైనస్ ఎ’ అనే కాపీ ఆదేశంతో, మీరే పేరు పెట్టిన ఫోల్డర్‌లోకి మార్చి, దాన్ని కంపోజ్ ఫైలులో కంటైనర్‌కు జోడించండి. ఇమేజ్ పేరు పక్కన ‘లేటెస్ట్’ అని వదిలేయకుండా వెర్షన్ సంఖ్య రాయండి. నెక్స్ట్‌క్లౌడ్ ఒకేసారి రెండు ప్రధాన వెర్షన్లు దాటనివ్వదు కనుక, పాత వాల్యూమ్‌లోని వెర్షన్ ఫైలు చూసి, అదే సంఖ్యతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి రండి.

కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ కొంతసేపు కాస్తుంది గానీ, పాడైన డిస్క్‌ను ఏ బ్యాటరీ కాపాడదు. అందుకే రెండో ప్రతిని ఇంట్లో కాకుండా, కాజీపేటలోనో కరీంనగర్‌లోనో ఉన్న మీవాళ్ల దగ్గర ఉంచండి.