నోట్లో పట్టే చేప తోటి చేప కాదు
(అక్వేరియం: మీ ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: మా ట్యాంకు 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు. మొక్కలు ఒత్తుగా పెరిగాయి. అందులో 12 నియాన్ టెట్రాలు, 4 కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు), ఆరు నెలల కిందట చిన్నపిల్లలుగా తెచ్చిన 2 ఏంజెల్ చేపలు ఉన్నాయి. ఇన్నాళ్లూ కలిసే తిరిగాయి. ఈ నెలలో 5 నియాన్లు మాయమయ్యాయి. చచ్చినవి ఒక్కటీ కనబడలేదు. ఏదైనా రోగమా?

జవాబు: రోగమైతే ఒక్కటైనా తేలేది. మీ నియాన్లు ఏంజెల్ కడుపులోకి వెళ్లాయి. తెచ్చిన రోజు ఏంజెల్ నోట్లో నియాన్ పట్టదు కాబట్టి స్నేహంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆరు నెలలకు నోరు పెరుగుతుంది, నియాన్ మాత్రం మూడున్నర సెం.మీ. దగ్గరే ఆగిపోతుంది. పైగా దాని ఒళ్లు సన్నం, నిలువునా గొంతులోకి జారిపోతుంది. లైటు ఆరాక నియాన్లు రంగు వెలిసి మొక్కల మధ్య కదలకుండా ఉంటాయి. తెల్లవారుజామున, అవి అలా ఉన్నప్పుడే వేట సాగుతుంది. అందుకే మీ కంట పడలేదు.

ఇంకో సంగతి, ఆ ట్యాంకు ఏంజెల్‌కి చాలదు. పెద్దయ్యాక పైరెక్క కొస నుంచి కిందిరెక్క కొస వరకు 20 సెం.మీ. దాటుతుంది. 45 సెం.మీ. ఎత్తు, 120 లీటర్లకు తక్కువ కాని ట్యాంకు కావాలి. రెండూ జత కట్టి గుడ్లు పెట్టాయంటే మిగతా చేపలన్నిటినీ ఒక మూలకు తరుముతాయి. కాబట్టి ఏంజెల్స్‌ని మార్చండి. నియాన్లు తగ్గాయని మళ్లీ తెచ్చి వేయడం మేత వేయడమే.

అవి వెళ్లాక ఏం ఉంచొచ్చో లెక్క చూద్దాం. కొలతల ప్రకారం మీది 65 లీటర్లు. అడుగున 5 సెం.మీ. మట్టి, పైన 3 సెం.మీ. ఖాళీ తీసేస్తే నీళ్లు 50 లీటర్లే. అందులో నియాన్లు 12, కోరీలు 6, నడి నీటిలో తిరగడానికి ఒక జత హనీ గౌరామీలు. అంతే, ఇక ఆపండి. కోరీలు నాలుగు చాలవు. ఆరైతేనే ధైర్యంగా బయటికొచ్చి ఇసుక తవ్వుతాయి. అడుగున పదునైన రాళ్లుంటే వాటి మీసాలు అరిగిపోతాయి, కనీసం ముందుభాగంలోనైనా సన్న ఇసుక పరవండి. అప్పుడప్పుడు పైకి దూసుకొచ్చి గాలి మింగి దిగిపోవడం కోరీల అలవాటు, కంగారు పడొద్దు. ఆగకుండా అదే పనిగా చేస్తుంటే మాత్రం నీళ్లు టెస్ట్ చేయండి.

ప్రశ్న: మా నీళ్ల పీహెచ్ 7.8, కఠినత్వం (నీటిలోని ఖనిజాల కొలత) 16 డిగ్రీలు. గప్పీలు, కార్డినల్ టెట్రాలు కలిపి పెంచాలని ఉంది. పీహెచ్ తగ్గించే ద్రవం వాడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. కార్డినల్స్ పుట్టిల్లు అమెజాన్ ప్రాంతపు మెత్తటి, ఆమ్లగుణం ఉన్న నీళ్లు. గప్పీకి ఖనిజాలున్న గట్టి నీళ్లే ఒంటికి పడతాయి. మెత్తటి నీటిలో గప్పీ రెక్కలు ముడుచుకుని ఉన్నచోటే ఊగుతూ చిక్కిపోతుంది. ఇద్దరికీ మధ్యేమార్గం అని పెట్టే నీళ్లు సాధారణంగా ఎవరికీ పూర్తిగా నప్పవు.

ఇక ఆ ద్రవం సంగతి. మీ నీటిలో కార్బనేట్లు ఎక్కువ ఉంటే, పోసిన ఆమ్లాన్ని అవి హరించేస్తాయి. సాయంత్రం 6.8కి దిగిన పీహెచ్ మర్నాటికి మళ్లీ 7.6కి ఎక్కుతుంది. కాస్త ఎక్కువ పీహెచ్‌కి చేప అలవాటు పడుతుంది. రోజూ ఎక్కిదిగే పీహెచ్‌కి అలవాటు పడలేదు. కార్బన్ డయాక్సైడ్ ఇచ్చినా పీహెచ్ తగ్గుతుంది కానీ కఠినత్వం తగ్గదు. ఈ రెండింటినీ కలిపి చూడటం చాలామంది చేసే పొరపాటు.

మీకు తేలిక దారి గప్పీలు, ప్లేటీలు. గప్పీల్లో మగవాటినే తెచ్చుకోండి. ఆడవి కావాలంటే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేదంటే వాటిని తరిమి తరిమి అలసగొడతాయి. సుమారు నాలుగు వారాలకొక కాన్పు, ఒత్తైన మొక్కల్లో దాక్కుని బతికే పిల్లలు చాలానే ఉంటాయి. ఎవరికి ఇస్తారో ముందే ఆలోచించుకోండి. వీటితో బెట్టా (ఫైటర్ చేప) వద్దు. గప్పీ తోక జీరాడుతుంటే ఇంకో మగ బెట్టా అనుకుని మీద పడుతుంది. మొక్కల్లో వాలిస్నేరియా మీ నీటికి బాగా నప్పుతుంది, బైకార్బనేట్ల నుంచి కూడా కార్బన్ తీసుకోగలదు.

కార్డినల్సే కావాలంటే ఆర్వో నీళ్లు సగానికి సగం కలపండి, 16 డిగ్రీలు 8కి దిగుతుంది. నీళ్లు మార్చే ప్రతిసారీ అదే పాళ్లలో కలపాలి. ఒక వారం బద్ధకించినా తేడా చేపలకు తెలుస్తుంది.

ప్రశ్న: నాచు తింటుందని ఒక చేప తెచ్చాం. ఇప్పుడు 12 సెం.మీ. అయింది. నాచు వదిలేసి డిస్కస్ (పళ్లెంలా వెడల్పాటి చేప) పక్కలకు అతుక్కుంటోంది. డిస్కస్ ఒంటిమీద మచ్చలు పడుతున్నాయి.

జవాబు: మీరు తెచ్చింది చైనీస్ ఆల్గీ ఈటర్ అయి ఉంటుంది. చిన్నప్పుడు నాచు తింటుంది, పెద్దయ్యేకొద్దీ ఆ రుచి పోయి, వెడల్పాటి ఒళ్లున్న చేపల మీది జిగురు పొరను గీకడం మరుగుతుంది. ఆ పొర పోయినచోట పుండు పడుతుంది. ఈ రోజే విడదీయండి. దాని బదులు అడగాల్సింది సియామీస్ ఆల్గీ ఈటర్. గుర్తు ఇది: పక్కనున్న నల్లచార తోకరెక్క చివరంటా సాగుతుంది. చైనీస్ రకం నోరు కింద గిన్నెలా ఉండి అద్దానికి పట్టేస్తుంది. సియామీస్ కూడా 15 సెం.మీ. దాకా పెరిగేదే, చిన్న ట్యాంకుకు పనికిరాదు. అక్కడ ఓటోసింక్లస్‌లు (నాచు తినే చిన్న చేపలు) ఆరు వేసుకోవాలి, అదీ ట్యాంకు మూణ్నెల్లు పాతబడ్డాక. కొత్త అద్దాల మీద వాటికి తినడానికి పొరే ఉండదు, పొట్ట లోపలికి పోయి చస్తాయి.

ప్రశ్న: మొక్కల ట్యాంకులో గోల్డ్‌ఫిష్ ఉంచవచ్చా?

జవాబు: మెత్తటి మొక్కల్ని తినేస్తుంది, మిగిలినవాటిని పెకలిస్తుంది, చల్లని నీళ్లు కోరుతుంది. వద్దు.

ప్రశ్న: 90 సెం.మీ. ట్యాంకులో ఆక్వా సాయిల్ (మొక్కల కోసం అమ్మే పోషకాల మట్టి) వేసి, మొక్కలు నాటి 10 రోజులైంది. 20 రమ్మీనోస్ టెట్రాలు, 6 కోరీలు ఒకేసారి వదలొచ్చా?

జవాబు: ఇప్పుడు ఒక్కటి కూడా వద్దు. ఆక్వా సాయిల్ మొదటి వారాల్లో తనే అమ్మోనియా వదులుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి టెస్ట్ చేయండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వరుసగా వారంపాటు నిలవాలి. పాత ఫిల్టరు స్పాంజి దొరికితే, అందులోని అమ్మోనియాను హరించే బాక్టీరియా వల్ల ఈ గడువు తగ్గుతుంది.

మొదట కోరీలు. రెండు వారాల తర్వాత రమ్మీనోస్‌లు 10, ఇంకో రెండు వారాలకు మిగతా 10. మూడూ నాలుగూ చొప్పున తేవద్దు, గుంపు లేకపోతే బెదిరి మేత ముట్టవు. లైటు ఆర్పి, సంచిని 15 నిమిషాలు నీటిపై తేలనివ్వండి. విప్పి, ఐదు నిమిషాలకొక చిన్న కప్పు చొప్పున అరగంట ట్యాంకు నీళ్లు కలపండి. వలతో చేపల్నే తీసి వదలండి, సంచి నీళ్లు పారబోయండి. చాలా గంటలు ప్రయాణించిన సంచైతే ఈ పని సాగదీయొద్దు. మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, దాంతో సంచిలోని అమ్మోనియా విషమవుతుంది.

వదిలిన రోజు రమ్మీనోస్‌ల ఎర్ర మూతి పాలిపోయి ఉంటుంది, అది ప్రయాణ బడలిక. ఒకట్రెండు రోజుల్లో ఎరుపెక్కుతుంది. ఆ తర్వాత ఎప్పుడైనా గుంపు మొత్తానికి ఆ ఎరుపు వెలిసిందంటే, ముందు టెస్ట్ కిట్ తీయండి. తేడా కనబడితే పావువంతు నీళ్లు మార్చండి.