కల్పిత జాతికి చరిత్ర ఎక్కణ్ణుంచి తేవాలి?

ప్ర: నా ఫాంటసీ నవలలో కొండకోట పోగొట్టుకుని నాలుగు రాజ్యాలకు చెదిరిపోయిన జాతి ఒకటి ఉంది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ కథల్లోని మరుగుజ్జులకు యూదులే మూలమంటారు, నిజమేనా? నేనూ అలా తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జ: సగం నిజం. మరుగుజ్జుల పేర్లు, రూపం నార్స్ (పాత స్కాండినేవియా) పురాణాలవి. యూదుల పోలిక మాత్రం టోల్కీనే చెప్పాడు, 1955 నాటి ఉత్తరంలో ఒకసారి, 1965లో బీబీసీ ఇంటర్వ్యూలో మరోసారి. ఉన్నచోట స్థానికులే అయినా పరాయివాళ్లుగానే మిగలడం, ఊరి భాష మాట్లాడినా సొంత యాస పోకపోవడం ఆయనకు కనిపించిన పోలికలు.

మీరూ తీసుకోవచ్చు. గడ్డాలూ టోపీలూ వదిలేసి, చెదిరినవాళ్లు దేన్ని పట్టుకుని నిలిచారో చూడండి. యూదులు బలులు జెరూసలేం ఆలయంలోనే ఇవ్వాలి. క్రీ.శ. 70లో రోమన్లు దాన్ని కూల్చడంతో అవి ఆగిపోయాయి. మోసుకుపోగలిగినవి నిలిచాయి: గ్రంథపఠనం, ప్రార్థన, రబ్బీల (మతగురువుల) ధర్మనిర్ణయాలు. సంప్రదాయం ప్రకారం సామూహిక ప్రార్థనకు పదిమంది వయసొచ్చిన మగవాళ్లుండాలి. మీ జాతి కోటలో తప్ప చేయలేని పని ఏది, దాని బదులు ఇప్పుడేం చేస్తోంది, దానికి ఎంతమంది కావాలి? ముందు ఇవి తేల్చుకోండి. పదిమంది అనుకుంటే, తొమ్మిదిమందే మిగిలిన ఊరు మీకొక అధ్యాయం.

పంచాంగం ఇంకా మంచి సరుకు. వాళ్లకీ మనలాగే అధికమాసాలున్నాయి, 19 ఏళ్లకు 7. నెలవంక కనపడితేనే కొత్త నెల. జెరూసలేంలో అది కనపడిన కబురు దూరదేశాలకు వేళకు అందక అక్కడివాళ్లు కొన్ని పండగలు రెండ్రోజులు చేసేవారు. పంచాంగాన్ని లెక్కకట్టి స్థిరపరిచాక కూడా ఆ రెండోరోజు పోలేదు. అవసరం తీరినా వదలని ఇలాంటి ఆచారం ఒక్కటి పెడితే, వెయ్యేళ్ల గతాన్ని పేజీల కొద్దీ చెప్పక్కర్లేదు.

ప్ర: నా కథలో అలాంటి జాతిని వడ్డీవ్యాపారులుగా చూపించాను. చదివిన మిత్రుడు అది అవమానం అన్నాడు. ఎందుకు?
– ఒక పాఠకుడు, టెక్కలి

జ: కారణం చూపకపోతే మీ మిత్రుడి మాటే నిజం. మధ్యయుగ యూరప్‌లో చాలాచోట్ల యూదులకు సొంత భూమి దక్కనివ్వలేదు, వృత్తిసంఘాల్లోకి రానివ్వలేదు. క్రైస్తవులు వడ్డీకివ్వడాన్ని చర్చి నిషేధించింది. అప్పు మాత్రం అందరికీ కావాలి, రాజుతో సహా! ఇంగ్లండులో రాజులు వాళ్ల దగ్గర పన్నులు పిండారు. 1275లో మొదటి ఎడ్వర్డ్ వాళ్లను వడ్డీకివ్వొద్దన్నాడు, 1290లో దేశంనుంచే వెళ్లగొట్టాడు. వాళ్లకు రావలసిన బాకీలు రాజు పరమయ్యాయి. ఈ వరసంతా మింగేసి ‘వాళ్లకు పుట్టుకతోనే బంగారమంటే ఆశ’ అని రాస్తే, తరాలుగా యూదుల మీద మోపిన నిందనే కొత్త పేరుతో అచ్చేసినట్టు. వడ్డీ పాత్ర ఒకటి చాలు. దాని పక్కన ఒక అద్దకంపనివాణ్ణి, ఒక వైద్యుణ్ణి పెట్టండి. అప్పు తీర్చలేని జమీందారు వాళ్ల మీదికి ఊరిని ఎగదోసే ఘట్టం కూడా ఉండాలి.

ప్ర: అలా చెదిరిపోయిన కల్పిత జాతికి భాష కల్పించడం ఎలా?
– శ్రీకాకుళం నుంచి ఒక విద్యార్థి

జ: టోల్కీన్ మరుగుజ్జుల భాషలాగే యూదుల ప్రాచీన భాష హీబ్రూలోనూ ఎక్కువగా మూడు హల్లుల ధాతువులుంటాయి. కతవ్ అంటే రాశాడు, కొతేవ్ రాసేవాడు, మిఖ్తావ్ ఉత్తరం. మీరు 15 ధాతువులు, ఆ హల్లుల మధ్య అచ్చులు మార్చే 4 నమూనాలు తయారుచేసుకుంటే 60 మాటలు వస్తాయి, నవలకు అవి ఎక్కువే. మాట చివర పొల్లు ఉంచండి. ‘ఉ’ చేర్చారా, తెలుగైపోతుంది.

అయితే పూజకొక భాష, ఇంటికొకటి, బజారుకొకటి ఉండాలి. 1492లో స్పెయిన్ వెళ్లగొట్టిన యూదుల సంతతి ఒట్టోమన్ (తుర్కుల) రాజ్యంలో శతాబ్దాలపాటు ఇళ్లలో పాత స్పానిషే మాట్లాడింది. మీకు దగ్గర్లోనే పర్లాకిమిడి ఉంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా మాట్లాడే కుటుంబాల దగ్గర ఓ పూట కూర్చుని, డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఏ భాషలోకి వెళ్తారో, పిల్లల్ని తిట్టేటప్పుడు ఏ భాషలోకి వెళ్తారో రాసుకోండి.