పసుపు పూలు పూసిన చెట్టు ఎర్రచందనమేనా?

ఎర్రచందనమని చెబితే నర్సరీలో మొక్కలు కొని అనంతపురం దగ్గర పొలం గట్టున నాటామని, ఈ ఏప్రిల్‌లో ఒక చెట్టు మొదటిసారి పసుపుపచ్చగా పూసిందని, అది చూసి పక్క పొలం పెద్దాయన ఇది చందనం కాదన్నారని రాశారు. పూల రంగు చూసి దిగులు పడకండి. ఎర్రచందనం పూసేది పసుపు పూలే. ఆ పేరులోని ఎరుపంతా కాండం లోపలి చేవది. శాంటాలిన్ అనే రంగు పదార్థం వల్ల చేవకు ఆ రంగు వస్తుంది. లేత చెట్టులో ఇంకా చేవే ఉండదు, కాబట్టి ఎరుపు కోసం వెతకడం దండగ.

మాది కడప జిల్లాలో సిద్ధవటం వైపు. లంకమల కొండల అంచున ఈ చెట్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఎండలు మొదలయ్యే సరికి ఆకు రాల్చి మోడుగా నిలబడతాయి. తర్వాత చిగుళ్లతో పాటే ఆకుల పంగల్లో చిన్న చిన్న పూగుత్తులు వస్తాయి. పువ్వు సుమారు రెండు సెంటీమీటర్లుంటుంది. చిక్కుడు కుటుంబపు చెట్టు కనుక అయిదు రేకల్లో పైది వెడల్పుగా నిలిచి, పక్కన రెండు, కింద రెండు అమరి ఉంటాయి. రేకల అంచులు ముడతలు పడి ఉంటాయి. మంచి వాసన, చుట్టూ తేనెటీగల మోత. ఆ పూత కొద్దిరోజులే ఉంటుంది, అందుకే ఊళ్లో చాలామంది దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు. మీ పెద్దాయన అనుమానానికి కారణం బహుశా అదే.

అయితే పసుపు పూలు పూసినంత మాత్రాన ఎర్రచందనమేనని కూడా అనుకోకండి. దీని దగ్గరి బంధువు వేగిస కూడా పసుపుగానే పూస్తుంది, దాని కాయా గుండ్రంగానే ఉంటుంది. బెరడు మీద గాటు పెట్టి, ఎర్రటి జిగురు కారితే ఎర్రచందనమేనని తేల్చేవాళ్లున్నారు. వేగిసకూ అలాగే కారుతుంది. దయచేసి ఆ పరీక్ష చేయకండి, చెట్టుకు గాయమే మిగులుతుంది.

తేడా ఆకులో ఉంది. ఎర్రచందనం ఆకులో సాధారణంగా మూడు పత్రకాలే, అంటే ఒకే కాడకు ఉండే చిన్న ఆకులే ఉంటాయి, అరుదుగా అయిదు. ఒక్కో పత్రకం వెడల్పుగా, దాదాపు గుండ్రంగా ఉండి, కొసన కొద్దిగా నొక్కు పడి ఉంటుంది. వెనక్కి తిప్పితే పాలిపోయిన రంగు, సన్నని నూగు కనిపిస్తాయి. వేగిసకు అయిదు నుంచి ఏడు పత్రకాలు, కాస్త పొడవుగా, నున్నగా ఉంటాయి. అవి కాడకు ఎదురెదురుగా కాకుండా ఒకదాని తర్వాత ఒకటి అమరుతాయి. ముదిరిన ఎర్రచందనం బెరడు నల్లగా మారి, మొసలి చర్మంలా దీర్ఘచతురస్రపు పలకలుగా చీలుతుంది. మీ చెట్టుకు ఆ వయసు రాలేదు కాబట్టి ఆకునే నమ్మండి.

నర్సరీల్లో రక్తచందనం పేరుతో బండి గురివింద మొక్కలు అంటగట్టడం కూడా ఉంది. దాని గింజలు ఎర్రగా మెరుస్తాయి, అక్కడే జనం మోసపోతారు. దాని ఆకు రెండుసార్లు చీలి చాలా చిన్న పత్రకాలతో ఉంటుంది కనుక పోల్చుకోవడం తేలిక. శ్రీగంధం అసలు వేరే కుటుంబానిది. ఎర్రచందనం కర్రకు ఆ పరిమళం ఉండదు.

కాయ కడితే గమనించండి. నాలుగైదు సెంటీమీటర్ల గుండ్రని పల్చటి కాయ, చుట్టూ గాలికి ఎగిరేందుకు రెక్క, నడుమ ఒకటో రెండో గింజలు. పూతలో కాయగా నిలిచేది తక్కువ, ఈ ఏడు కట్టకపోయినా కంగారు వద్దు.

ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. పాలకొండలు, లంకమల, శేషాచలం, వెలిగొండలు దీని పుట్టిళ్లు. రాళ్ల నేల, మండే ఎండ దీనికి అలవాటే. నీరు నిలిస్తే మాత్రం ఓర్చుకోదు, గట్టు మీద నాటి మంచిపని చేశారు. చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది, త్వరగా లక్షలొస్తాయనే మాటలు నమ్మకండి. సొంత పొలంలోదైనా కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

ఒక ఆకును కాడతో సహా తెంపి, వెనుక వైపు కనిపించేలా ఫొటో పెట్టండి. చూసి వేగిసో చందనమో చెబుతాను.