చోడవరంలో నాలుగెకరాలు, ఎల్‌పీజీ ప్లాంటు ఆలోచన

ప్రశ్న: మేడమ్, మాకు చోడవరం దగ్గర రోడ్డు పక్కనే నాలుగెకరాల మెట్ట ఉంది. ఎల్‌పీజీ తయారుచేసే ప్లాంటు పెడితే మంచి లాభాలొస్తాయని ఒక ఏజెంటు చెబుతున్నాడు. మెషినరీ అంతా తనే తెప్పిస్తాడట. అడ్వాన్సుగా పది లక్షలు కట్టమంటున్నాడు. కరెంటుకీ నీళ్లకీ ఇబ్బంది లేదు. పక్కనే మా ఊరి హైస్కూలు ఉంది కాబట్టి రోడ్డు కూడా బాగుంటుంది. ముందుకు వెళ్లమంటారా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి జిల్లా

జవాబు: ఆ పది లక్షలు ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే రసీదూ, ఫోన్ మెసేజీలూ భద్రంగా ఉంచుకుని వెంటనే తిరిగి అడగండి.

నాలుగెకరాల్లో బిగించి ఎల్‌పీజీ తీసే యంత్రం ఏదీ లేదండీ. ఆ గ్యాస్ రెండు చోట్ల వస్తుంది. ఒకటి రిఫైనరీ. ముడి చమురును మరిగించి వేరుచేసేటప్పుడు కొంత వస్తుంది. బరువైన నూనెను విరగ్గొట్టే ‘క్యాట్ క్రాకర్’ యూనిట్లో ఇంకా ఎక్కువ వస్తుంది. రెండోది సహజ వాయువు ప్లాంటు. అక్కడ వాయువును బాగా చల్లబరిచి ప్రొపేన్, బ్యూటేన్‌లను విడదీస్తారు. మధ్యప్రదేశ్‌లోని విజయ్‌పూర్‌లో ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్ చేసే పని అదే. ఇవన్నీ వందల, వేల కోట్ల వ్యవహారాలు. ఇన్ని ఉన్నా దేశం వాడకంలో దాదాపు 60 శాతం దిగుమతే, అదీ ఎక్కువగా గల్ఫ్ నుంచి ఓడల మీద వస్తుంది. మీకు దగ్గర్లోని విశాఖలోనే కొండరాతిని లోతుగా తొలిచి 60,000 టన్నులు నిల్వ చేసే ఏర్పాటుంది.

మీలాంటివాళ్లు పెట్టగలిగేది బాట్లింగ్ ప్లాంటు. అంటే ట్యాంకర్లలో గ్యాస్ తెప్పించుకుని సిలిండర్లలో నింపడం. నా ఉద్యోగం చాలావరకు అలాంటి ప్లాంట్లలోనే గడిచింది కాబట్టి దాని గురించి ధైర్యంగా చెప్పగలను. మొదట తేల్చుకోవలసింది మీకు గ్యాస్ ఎవరిస్తారన్నది. ప్రభుత్వ కంపెనీలు టెండర్లు పిలిచి తమ సిలిండర్లను ప్రైవేటు ప్లాంట్లలో నింపించుకుంటాయి. అలా కాదు, సొంత పేరుతో హోటళ్లకు అమ్ముతానంటే 2000 నాటి ఎల్‌పీజీ ఆర్డరు కింద మీ సంస్థ స్తోమతను అంచనా వేసే రేటింగ్ తెచ్చుకోవాలి, గ్యాస్ మీరే కొనుక్కోవాలి. సరఫరా ఒప్పందం చేతికి రాకుండా ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట హైస్కూలు.

ఎల్‌పీజీ ఆవిరి గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు. నేలను పట్టుకుని నీళ్లలా పల్లానికి పారుతుంది, కాలువల్లో నిలుస్తుంది. ఒక లీటరు ద్రవం బయటపడితే దాదాపు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో రెండు శాతం కలిసినా నిప్పురవ్వ చాలు. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో జరిగింది మీ పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. లీకైన ఎల్‌పీజీ అంటుకుని దాదాపు 60 మంది పోయారు. ఆ తర్వాత ప్లాంట్లలో పనిచేసిన మా అందరికీ ఆ తేదీ కంఠతా వచ్చు.

అందుకే పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ పెసో మీ ప్లాంటు లేఅవుట్‌ను ఒప్పుకోవాలి, కలెక్టరు ఎన్‌వోసీ ఇవ్వాలి. నిల్వ పెరిగేకొద్దీ ట్యాంకు చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా కూడా పెరుగుతుంది. ఒకవేళ కొలతలన్నీ సరిపోయి కాగితాల మీద అనుమతి వచ్చినా, బడి పక్కన నేనైతే పెట్టను. మిమ్మల్నీ పెట్టొద్దనే అంటాను. ఆలోచన మానలేకపోతే స్థలం మార్చండి.

ఖర్చు గురించి ఏజెంటు చెప్పని సంగతి ఒకటుంది. డబ్బు ఎక్కువగా మింగేది సిలిండర్లు నింపే కరౌసెల్ అనుకుంటారు. మంటలొస్తే చల్లే నీళ్ల ఏర్పాటు దానికేమీ తీసిపోదు. పెద్ద ప్లాంట్లలో నాలుగు గంటలు ఆగకుండా చల్లడానికి సరిపడా నీళ్లుండాలి. మంటల్లో ట్యాంకు వేడెక్కకుండా దాని ఒంటి మీద ప్రతి చదరపు మీటరుకీ నిమిషానికి 10 లీటర్ల పైన పడాలి. కరెంటు పోయినా నడవాలి కాబట్టి డీజిల్ పంపులు కావాలి. మీ బోరు నీళ్లు వరికి చాలొచ్చు, దీనికి వేరే లెక్క.

రోజూ పని కూడా తేలిక కాదు. ప్రతి ఖాళీ సిలిండర్ మీద కొట్టి ఉన్న బరువు చదివి స్కేలులో సరిచేయాలి. 14.2 కిలోలు నింపాక మళ్లీ తూచాలి. వాల్వులో ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు చుట్టు) ఉందో లేదో చూడాలి, లీకు పరీక్ష చేయాలి, ఆ తర్వాతే సీలు. టెస్టు గడువు దాటినవి పక్కకు తీయాలి. సీజన్లో లారీలు గేటు బయట నిలబడి ఉంటే ఈ పరీక్షల్లో ఒకటి వదిలేద్దామని ఒత్తిడి పెట్టేవాళ్లుంటారు. అప్పుడు కాదనగలిగే సూపర్‌వైజరు ఉన్న ప్లాంటులోనే నేను నా వాళ్లను పనికి పంపుతాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మాకు పది గేదెలున్నాయి. గోబర్ గ్యాస్‌ని పాత వంటగ్యాస్ సిలిండర్లో నింపి దాచుకోవచ్చని మా అబ్బాయి వీడియో చూపిస్తున్నాడు. నిజమేనా?
– ఒక గృహిణి, కోనసీమ

జవాబు: వద్దమ్మా, బాబుని వెంటనే ఆపండి. గోబర్ గ్యాస్‌లో మండేది మీథేన్. మైనస్ 82 డిగ్రీల కంటే చల్లబరిస్తే తప్ప ఎంత ఒత్తినా అది ద్రవం కాదు. అందుకే మామూలు వేడిలో వంట సిలిండర్లో పట్టేది కొద్దిపాటి గ్యాసే, ఒకటి రెండు పూటలకు కూడా సరిగా రాదు. ఎక్కువ పట్టించాలని కంప్రెసర్ పెడితే ఆ సిలిండర్ అంత ఒత్తిడికి చేసినది కాదు. పైగా శుద్ధి చేయని గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్, తేమ కలిసి లోపల తినేస్తాయి. ఆ గ్యాస్‌ని డోమ్ నుంచి పైపు ద్వారా నేరుగా పొయ్యికి తెచ్చుకోండి. మధ్యలో పైపు పల్లంగా ఉన్నచోట నీళ్లు వదిలే చిన్న కొళాయి పెట్టించండి. స్టవ్వు మాత్రం జెట్ రంధ్రం పెద్దగా ఉండే గోబర్ గ్యాస్ స్టవ్వే కొనండి. మామూలు వంటగ్యాస్ స్టవ్వు మీద ఆ మంట సరిగా నిలవదు.