ఆరో జనరేషన్ ల్యాప్‌టాప్‌కి విండోస్ 10 ఉంచాలా, 11 వేయాలా?
బ్రదర్, మీది ఆరో జనరేషన్ ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ అన్నారు కాబట్టి 11 జోలికి వెళ్లొద్దు, దానికి ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో జనరేషన్, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) ఉండాలి, ఏదో చేసి బలవంతంగా ఎక్కించినా అప్‌డేట్లకు గ్యారంటీ లేదు. అలాగని 10ని ఇలాగే వదిలేయకండి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి ఈఎస్‌యూలో (మామూలు సపోర్ట్ ఆగాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్) చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

అసలు స్లో అవుతున్నది హార్డ్ డిస్క్ వల్లే అనిపిస్తోంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100% దగ్గరే ఉంటోందేమో చూడండి. హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (దానికంటే చాలా వేగంగా పనిచేసే డ్రైవ్), ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించండి. మా అక్క ల్యాప్‌టాప్ ఆన్ చేసి టీ పెట్టుకొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది, ఎస్‌ఎస్‌డీ వేశాక అర నిమిషంలో తెరుచుకుంటోంది. విప్పే ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.