బేస్‌బాల్ ఆటగాడు స్టాంటన్‌ని యాంకీస్ జట్టుకి ఇచ్చేసినప్పుడు, అతని పాత జట్టు మార్లిన్స్‌కి బదులుగా అంత తక్కువ ఎందుకొచ్చింది?

కారణం కాంట్రాక్టు. 59 హోమ్ రన్లు కొట్టిన ఎంవీపీకి (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికి) బదులు కాస్ట్రో అనే ఆటగాడు, ఇంకా ఎదుగుతున్న ఇద్దరు కుర్రాళ్లేనా అన్నారు కదా, ఇలా చూడండి:

1. 2017 డిసెంబరు నాటికి అతనికింకా పదేళ్లకు 29.5 కోట్ల డాలర్లు కట్టాలి. అందులో సింహభాగం యాంకీస్ నెత్తినేసుకుంది.

2. అందరూ మర్చిపోయేది ఇక్కడే. ఆటగాడి విలువలోంచి కట్టాల్సిన జీతం తీసేయండి. మిగిలినదానికే కుర్రాళ్లొస్తారు. స్టాంటన్ విషయంలో పెద్దగా ఏమీ మిగల్లేదు. అదే మార్లిన్స్‌లో ఉన్న యెలిచ్‌ది చవక కాంట్రాక్టు, అందుకే మరుసటి నెలలో అతని కోసం మిల్వాకీ జట్టు ఏకంగా నలుగురిని ఇచ్చింది.

3. పైగా స్టాంటన్‌కి నో-ట్రేడ్ హక్కు, అంటే అతను ఒప్పుకోకపోతే వేరే జట్టుకి పంపడానికి లేదు. కార్డినల్స్, జెయింట్స్ జట్లు తీసుకోవడానికి సిద్ధపడినా అతను ససేమిరా అన్నాడు. ఇక బేరమేం ఆడతారు?